బాక్ (బేస్‌బాల్)

బాక్ అనునది బేస్‌బాల్ క్రీడలో పిచర్ (బంతి విసిరే ఆటగాడు) చేసే ఒక నియమోల్లంఘన. బేసులపై ప్రత్యర్థి జట్టు రన్నర్ ఒక్కరైనా ఉన్న సమయంలో, పిచర్ బంతిని విసరబోతున్నట్లు కదలి విసరకుండా ఆగిపోయినా, నియమావళి నిషేధించిన మరికొన్ని కదలికలు చేసినా, అంపైరు దానిని బాక్‌గా ప్రకటిస్తాడు. అందుకు శిక్షగా బేసులపై ఉన్న ప్రతి రన్నర్‌కూ ఒక బేసు ముందుకు వెళ్ళే హక్కు లభిస్తుంది. మూడవ బేసుపై రన్నర్ ఉన్నట్లయితే బ్యాటర్ బంతిని తాకకుండానే ఒక పరుగు వస్తుంది. కాబట్టి పిచర్ కాలు కొద్దిగా తడబడినంత మాత్రాన ఆట ఫలితమే మారిపోవచ్చు. బేస్‌బాల్ నియమాలలో అర్థం చేసుకోవడానికి మిక్కిలి కష్టమైనదిగా దీనిని పేర్కొంటారు. అయితే దీని మూల సూత్రం సులభమైనదే.

పేరు

ఆంగ్లంలో ఈ పదానికి ముందుకు సాగవలసినవాడు హఠాత్తుగా నిలిచిపోవడం, మొరాయించడం అని అర్థం. కంచె దూకవలసిన గుర్రం దాని ముందు ఆగిపోవడాన్ని కూడా ఈ మాటతోనే చెబుతారు. ఆంగ్ల వర్ణక్రమంలో లకారం ఉన్నప్పటికీ అది ఉచ్చారణలో వినిపించదు.

నేపథ్యం

ఈ నియమం ఎందుకు అవసరమైనదో తెలియాలంటే రన్నర్ పరిస్థితిని ముందుగా గ్రహించాలి. బేస్‌బాల్ మైదానంలో హోమ్ ప్లేటు, మొదటి, రెండవ, మూడవ బేసులు కలిసి ఒక చతురస్రంగా ఏర్పడతాయి. ఒక బేసు నుండి మరొక బేసుకు దూరం 90 అడుగులు. ఈ చతురస్రం నడుమ ఉన్న మట్టిదిబ్బపై పిచర్ నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న హోమ్ ప్లేటు వైపు బంతి విసురుతాడు.

బేసుపై ఉన్న రన్నర్ దానినే అంటిపెట్టుకొని ఉండడు. తరువాతి బేసు వైపు కొన్ని అడుగులు ముందుకు జరిగి పొంచి ఉంటాడు. పిచర్ బ్యాటర్‌కు బంతి విసరడం ప్రారంభించగానే పరుగెత్తి తరువాతి బేసును చేరుకుంటే దానిని "బేసు దొంగిలించడం" అంటారు. పిచర్ బ్యాటర్‌కు బదులుగా బేసు వద్ద ఉన్న తన జట్టు ఆటగాడికి బంతి విసరి, రన్నర్ వెనుకకు చేరేలోపు అతనిని అవుట్ చేయవచ్చు. దీనిని పికాఫ్ అంటారు.

అంటే రన్నర్ భవితవ్యమంతా పిచర్ కదలికను సరిగా చదవడంపై ఆధారపడి ఉంటుంది. పిచర్ విసురు ప్రారంభించి, రన్నర్ పరుగు అందుకోగానే మధ్యలో ఆపి, వెనుదిరిగి బేసు వైపు విసిరే వీలుంటే ఏ రన్నరూ బేసు విడిచి అడుగు వేయడానికి సాహసించడు. బేసు దొంగిలించడం అనే విద్యే ఆట నుండి మాయమవుతుంది. అందువలన "విసరడం మొదలుపెట్టినవాడు విసరి తీరాలి, బేసు వైపు విసరదలచినవాడు ఆ వైపే అడుగు వేయాలి" అన్నదే ఈ నియమం యొక్క సారాంశం.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. బాక్ నియమం అన్ని రకాల మోసాలనూ నిషేధించలేదు. పిచర్ బంతిని ఎక్కువసేపు పట్టుకొని రన్నర్ ఓర్పును పరీక్షించవచ్చు; ఒకసారి త్వరగా, ఒకసారి నెమ్మదిగా విసరవచ్చు; రన్నర్ వైపు చూసి బ్యాటర్‌కు విసరవచ్చు. బంతి వేగాన్ని, వంపును మార్చి బ్యాటర్‌ను ఏమార్చడం అతని వృత్తిధర్మమే. నిషేధింపబడినది శరీర కదలిక ద్వారా రన్నర్‌కు అబద్ధపు సంకేతం ఇవ్వడం మాత్రమే.

పిచర్ నిలిచే పద్ధతులు

మట్టిదిబ్బపై 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గల తెల్లని రబ్బరు పలక పాతి ఉంటుంది. దీనిని పిచర్ ప్లేటు అంటారు. బంతి విసిరేటపుడు పిచర్ ఒక పాదం దీనిని తాకుతూ ఉండాలి. దీనిని ఆధారపాదం అనవచ్చు. కుడిచేతి పిచర్‌కు ఇది కుడిపాదం, ఎడమచేతి పిచర్‌కు ఎడమపాదం. రెండవది స్వేచ్ఛాపాదం.

పిచర్ రెండు పద్ధతులలో నిలబడవచ్చు. మొదటిది వైండప్. ఇందులో బ్యాటర్‌కు అభిముఖంగా నిలిచి, చేతులు, కాలు ఊపుతూ విసురుతాడు. రెండవది సెట్ పద్ధతి. ఇందులో పక్కకు తిరిగి నిలిచి, బంతిని రెండు చేతులతో శరీరం ముందు పట్టుకొని, పూర్తిగా నిశ్చలుడై, ఆ తరువాతనే విసరాలి. వైండప్‌కు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి బేసులపై రన్నర్లు ఉన్నపుడు పిచర్లు సాధారణంగా సెట్ పద్ధతినే ఆశ్రయిస్తారు. బాక్‌లలో చాలా భాగం ఇక్కడే జరుగుతాయి.

బాక్‌గా పరిగణింపబడే చర్యలు

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ అనుసరించే అధికారిక నియమావళిలో 6.02 (ఎ) నియమం క్రింద 13 రకాల బాక్‌లు పేర్కొనబడ్డాయి. 2015కు పూర్వం ఇదే నియమానికి 8.05 అనే సంఖ్య ఉండేది. వీటిలో ముఖ్యమైనవి:

1. ప్లేటును తాకుతూ, విసురుకు సహజమైన కదలిక ప్రారంభించి బంతి విసరకపోవడం.
2. ప్లేటును తాకుతూ మొదటి బేసుకు గాని మూడవ బేసుకు గాని విసురుతున్నట్లు నటించి విసరకపోవడం.
3. బేసుకు బంతి విసిరే ముందు నేరుగా ఆ బేసు వైపు అడుగు వేయకపోవడం.
4. ఆటకు అవసరం లేకుండా, రన్నర్ లేని బేసుకు విసరడం లేదా విసరినట్లు నటించడం.
5. బ్యాటర్ సిద్ధం కాకముందే హడావుడిగా విసరడం.
6. సెట్ పద్ధతిలో పూర్తిగా నిశ్చలుడు కాకుండానే విసరడం.
7. సెట్ స్థితికి వచ్చిన తరువాత, విసరకుండానే బంతి నుండి ఒక చేతిని తీసివేయడం.
8. ప్లేటును తాకుతూ ఉండగా బంతిని చేజార్చడం. పొరపాటున జారినా ఇది బాక్ క్రిందికే వస్తుంది.
9. బంతి తన వద్ద లేకుండానే ప్లేటుపై గాని దానికి ఇరువైపులా కాళ్ళు ఉంచి గాని నిలబడడం. బంతిని మరొక ఆటగాడు దాచి రన్నర్‌ను అవుట్ చేసే తంత్రానికి పిచర్ సహకరించకుండా ఈ నిబంధన అడ్డుకుంటుంది.
10. అనవసరంగా ఆటను ఆలస్యం చేయడం.

స్వేచ్ఛాపాదం ప్లేటు వెనుక అంచును దాటినపుడు పిచర్ బ్యాటర్‌కే విసరాలి. రన్నర్‌ను పట్టుకోవడానికి రెండవ బేసుకు విసరడం ఒక్కటే దీనికి మినహాయింపు. మొదటి బేసుపై ఉన్న రన్నర్‌కు ఎడమచేతి పిచర్ ఎదురుగా కనిపిస్తాడు. ఎత్తిన కాలు హోమ్ ప్లేటు వైపు పడుతుందో, మొదటి బేసు వైపు పడుతుందో చివరి క్షణం వరకు తెలియదు. అందువలన ఎడమచేతి పిచర్ల పికాఫ్‌లపై వాదోపవాదాలు ఎక్కువగా జరుగుతుంటాయి.

బాక్ కాని చర్యలు

పిచర్ తన ఆధారపాదాన్ని ప్లేటు వెనుకకు తీసి నేలపై ఉంచినట్లయితే అతడు నియమాల దృష్టిలో సాధారణ ఫీల్డర్‌గా మారతాడు. అప్పుడు ఏ బేసుకైనా విసరినట్లు నటించవచ్చు, విసరకుండా ఊరుకోనూవచ్చు. అయితే ఫీల్డర్‌గా విసిరిన బంతి గతి తప్పి మైదానం దాటిపోతే రన్నర్లకు రెండు బేసులు లభిస్తాయి. ప్లేటుపై నుండి విసిరిన బంతి అలా పోతే ఒక్క బేసే లభిస్తుంది.

ప్లేటుపై ఉండి కూడా, రన్నర్ ఉన్న రెండవ బేసు వైపు అడుగు వేసి, విసరకుండా ఆగిపోవచ్చు. మొదటి, మూడవ బేసులకు ఈ వెసులుబాటు లేదు. బేసులపై ఎవరూ లేనపుడు బాక్ అనే ప్రశ్నే ఉదయించదు.

శిక్ష అమలు

అంపైరు బాక్ ప్రకటించినంత మాత్రాన ఆట వెంటనే నిలిచిపోదు. పిచర్ ఆ తరువాత కూడా బంతి విసిరితే దాని ఫలితం కోసం వేచి చూస్తారు. బ్యాటర్ మొదటి బేసును సురక్షితంగా చేరి, మిగిలిన రన్నర్లందరూ కనీసం ఒక్కొక్క బేసు ముందుకు సాగితే ఆ ఫలితమే నిలుస్తుంది; బాక్‌ను లెక్కచేయరు. అలా జరగకపోతే విసురు రద్దవుతుంది, రన్నర్లు ఒక్కొక్క బేసు ముందుకు వెళతారు.

ఉదాహరణకు, మొదటి బేసుపై రన్నర్ ఉండగా బాక్ ప్రకటింపబడిన తరువాత బ్యాటర్ హోమ్ రన్ కొడితే అది చెల్లుతుంది. అతడు క్యాచ్ ఇచ్చినట్లయితే మాత్రం అవుట్ కాడు. రన్నర్‌ను రెండవ బేసుకు పంపి, బ్యాటర్‌ను మళ్ళీ ఆడిస్తారు. తప్పు చేసిన జట్టు ఆ తప్పు వలన లాభపడరాదన్న న్యాయం ఇందులో కనిపిస్తుంది.

బాక్ వలన వచ్చిన పరుగును బ్యాటర్ ఖాతాలో వేయరు.

ఉద్దేశమా? కదలికా?

నియమావళిలోని వ్యాఖ్య ప్రకారం, ఈ నియమం పిచర్ ఉద్దేశపూర్వకంగా రన్నర్‌ను వంచించకుండా చూడటానికే ఏర్పడింది. అంపైరుకు సందేహం కలిగినపుడు పిచర్ ఉద్దేశాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. కానీ పొరపాటున బంతి చేజారినా బాక్ అని అదే నియమావళి చెబుతున్నది. పిచర్ మనసులో ఏమున్నదో అంపైరు చూడలేడు, అతని కాళ్ళు, చేతులు, భుజాలు మాత్రమే చూడగలడు. "పూర్తి నిశ్చలత" ఎంతసేపు ఉండాలి, "నేరుగా అడుగు" ఎంత నేరుగా ఉండాలి అన్నవి చివరకు అంపైరు విచక్షణకే మిగిలిపోతాయి. ఈ నియమంపై వచ్చే వివాదాలకు ముఖ్య కారణం ఇదే.

చరిత్ర

బాక్ ప్రస్తావన బేస్‌బాల్ లిఖిత నియమాలలో మొదటి నుండీ ఉన్నది. న్యూయార్క్‌కు చెందిన నికర్‌బాకర్ క్లబ్ 1845లో రూపొందించిన నియమాలలోనే, పిచర్ బాక్ చేసినపుడు రన్నర్‌ను ఒక బేసు చేరేవరకు అవుట్ చేయరాదని ఉన్నది.

నిశ్చలతను ఎంత కఠినంగా కొలవాలన్న ప్రశ్న తరువాతి కాలంలో పలుమార్లు తలెత్తింది. 1963లో నేషనల్ లీగ్ అంపైర్లు దీనిని కఠినంగా అమలు చేశారు. ఆ ఏడాది మే 4న మిల్వాకీ బ్రేవ్స్ పిచర్ బాబ్ షా ఒకే ఆటలో 5 బాక్‌లు చేసి రికార్డు నెలకొల్పాడు.

1988లో నియమంలోని పదాలను మార్చి, పిచర్ "స్పష్టంగా గుర్తించగలిగేలా" ఒకసారి పూర్తిగా ఆగాలని నిర్దేశించారు. 1987లో మేజర్ లీగ్‌లలో 356గా ఉన్న బాక్‌ల సంఖ్య 1988లో 924కు పెరిగింది. ఓక్లాండ్ అథ్లెటిక్స్ పిచర్ డేవ్ స్టీవార్ట్ ఒక్కడే 16 బాక్‌లు చేశాడు. పిచర్ల అలవాట్లు మారలేదు, కొలబద్ద మాత్రమే మారింది. ఈ అనుభవంతో 1989లో పాత పదాలనే పునరుద్ధరించారు. వృత్తి జీవితం మొత్తంలో అత్యధిక బాక్‌లు చేసిన పిచర్ స్టీవ్ కార్ల్‌టన్ (90).

2013 వరకు మూడవ బేసుకు విసరినట్లు నటించి, వెంటనే తిరిగి మొదటి బేసుకు విసిరే తంత్రం చెల్లుబాటయ్యేది. ఆ సంవత్సరం నుండి దానిని బాక్‌గా మార్చారు.

2023లో మరొక ముఖ్యమైన మార్పు జరిగింది. ఒక్కొక్క బ్యాటర్ ఆడుతున్నపుడు పిచర్ పికాఫ్ కోసం గాని, ప్లేటు దిగడానికి గాని రెండు పర్యాయాలు మాత్రమే ఆట ఆపవచ్చు. మూడవసారి ప్రయత్నించి రన్నర్‌ను అవుట్ చేయలేకపోతే అది బాక్ అవుతుంది. రన్నర్ ఒక బేసు ముందుకు వెళితే ఈ లెక్క మళ్ళీ మొదలవుతుంది. అదే సంవత్సరం బేసుల పరిమాణాన్ని 15 అంగుళాల నుండి 18 అంగుళాలకు పెంచారు. ఈ మార్పుల ప్రభావంతో 2022లో 2,486గా ఉన్న దొంగిలించిన బేసుల సంఖ్య 2023లో 3,503కు చేరింది.

ప్రసిద్ధ సంఘటనలు

* 1961 జూలై 11న శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో జరిగిన ఆల్ స్టార్ ఆటలో బలమైన గాలికి స్టూ మిల్లర్ శరీరం ఊగింది. అంపైరు బాక్ ప్రకటించాడు. గాలి అతనిని దిబ్బపై నుండి ఎగరగొట్టిందన్న కథ తరువాత ప్రచారంలోకి వచ్చింది. నిజానికి అతడు కొద్దిగా కదిలాడు, అంతే.
* 2015 జూన్ 18న లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్, టెక్సాస్ రేంజర్స్ జట్ల మధ్య ఆట తొమ్మిదవ ఇన్నింగ్స్ వరకు 0-0గా సాగింది. రేంజర్స్ పిచర్ కియోనీ కేలా చేసిన బాక్‌తో మూడవ బేసు నుండి రన్నర్ ఇంటికి చేరాడు. డాడ్జర్స్ 1-0తో గెలిచారు.
* 2019 జూన్ 14న చికాగో కబ్స్‌పై రెండు పరుగుల ఆధిక్యంలో ఉండగా, డాడ్జర్స్ పిచర్ కెన్లీ జాన్సన్ కావాలనే బాక్ చేశాడు. రెండవ బేసుపై ఉన్న రన్నర్ క్యాచర్ సంజ్ఞలను చూసి బ్యాటర్‌కు అందించకుండా, అతనిని మూడవ బేసుకు పంపడమే దీని ఉద్దేశం. తరువాత బ్యాటర్‌ను అవుట్ చేసి ఆటను ముగించాడు.
* 2022 సెప్టెంబరు 27న మయామీ మార్లిన్స్ పిచర్ రిచర్డ్ బ్లయర్ ఒకే బ్యాటర్ ఆడుతుండగా మూడు బాక్‌లు చేశాడు. మొదటి బేసుపై ఉన్న రన్నర్ ఆ మూడింటితోనే హోమ్ ప్లేటు చేరాడు. అంతకుముందు మేజర్ లీగ్‌లలో బ్లయర్ ఒక్క బాక్ కూడా చేసి ఉండలేదు.

క్రికెట్‌తో పోలిక

క్రికెట్‌లో బౌలర్ పరుగు ప్రారంభించి మధ్యలో ఆగిపోతే ఎటువంటి శిక్షా లేదు. తిరిగి వెళ్ళి మళ్ళీ వేయవచ్చు. బంతి వేయకముందే క్రీజు విడిచిన నాన్ స్ట్రైకర్‌ను బౌలర్ రనౌట్ చేయవచ్చు కూడా. 1947లో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ బిల్ బ్రౌన్‌ను వినూ మన్కడ్ ఇలాగే అవుట్ చేయడం పెద్ద చర్చకు దారితీసింది. క్రికెట్‌లో ముందుగా బయలుదేరడం పరుగు తీసేవాని తప్పు. బేస్‌బాల్‌లో అలా పొంచి ముందుకు జరగడం రన్నర్ హక్కు. ఆ హక్కుకు రక్షణ కల్పించేదే బాక్ నియమం. క్రికెట్ తెలిసిన పాఠకులు ఈ ఒక్క భేదాన్ని గుర్తుంచుకుంటే నియమంలోని మిగిలిన వివరాలు తేలికగా బోధపడతాయి.

ఇవి కూడా చూడండి

* బేస్‌బాల్
* మేజర్ లీగ్ బేస్‌బాల్
* నో బాల్
* వినూ మన్కడ్