ఇంటెల్ కోర్ ఐ9-13900కె

ఇంటెల్ సంస్థ 2022 అక్టోబరులో విడుదల చేసిన 13వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్. ఇందులో 24 కోర్లున్నాయి: వేగానికి 8, పొదుపుకు 16. గరిష్ఠ వేగం 5.8 గిగాహెర్ట్జ్. త్రీడీ రెండరింగ్, భారీ ప్రోగ్రాముల కంపైలింగ్ వంటి పనుల్లో దీని సత్తా తెలుస్తుంది. మదర్‌బోర్డును బట్టి డీడీఆర్4 మెమరీనీ వాడుకోవచ్చు. పాత మెమరీ ఉన్నవారికి ఇది నిజమైన మేలు. కేవలం గేములకైతే ఇన్ని కోర్లు అక్కర్లేదు, ఐ5-13600కె చాలు.

పూర్తి భారం పడితే ఇది 253 వాట్ల దాకా విద్యుత్తు తీసుకుంటుంది. చాలా మదర్‌బోర్డులు ఆ పరిమితినీ ఎత్తేయడంతో వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరేది. మంచి లిక్విడ్ కూలర్ లేకుండా దీన్ని కొనడం డబ్బు వృథా.

అన్నిటికన్నా పెద్ద లోపం తర్వాత బయటపడింది. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు అవసరానికి మించిన వోల్టేజి వల్ల క్రమంగా దెబ్బతిని, కంప్యూటర్లు క్రాష్ అవుతున్నాయని 2024లో తేలింది. ఇంటెల్ ఆ ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ ముందుజాగ్రత్త మాత్రమే, అప్పటికే పాడైన చిప్‌ను బాగుచేయదు. అందుకే దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనకపోవడమే మేలు. ఇప్పటికే వాడుతున్నవారు వెంటనే ఆ సవరణ ఉన్న బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి.