ప్రాణరక్షక యంత్రములు – ప్రోగ్రామింగు భాషలు

చిత్తూరు–బెంగళూరు మార్గమున మామిడి మార్కెట్టుకు పేరొందిన బంగారుపాళ్యము వంటి యూళ్లనుండి కఠినవ్యాధి సోకినవారు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోవుట చిరకాలపు వాడుక. అచ్చటనో మఱియొకచోటనో రేడియేషన్ యంత్రము క్రింద పరుండిన రోగి తన వైద్యుని నెఱుగును గాని, ఆ యంత్రమును నడపు ప్రోగ్రామును ఏ భాషలో వ్రాసిరో యెఱుగడు.

ఆ ప్రశ్న యెంతటి ప్రాణాంతకమో లోకమునకు తెలిపినది కెనడాలో నిర్మితమైన థెరాక్-25 అను రేడియేషన్ యంత్రపు చరిత్ర. 1985–87 నడుమ ఆరుగురు రోగులు దానివలన మితిమీరిన కిరణములకు గురికాగా, వారిలో కొందఱు మరణించిరి. పీడీపీ-11 కంప్యూటరు యొక్క అసెంబ్లీ భాషలో వ్రాసిన ఆ ప్రోగ్రాములో, తనిఖీ యవసరమని సూచించు అంకె యొకటి ఒక్క బైటులో నిమిడి, మాటిమాటికి ఒకటి చొప్పున పెరుగుచు, 255 దాటగానే సున్న యగుచుండెను. సున్న యున్నచో తనిఖీ జరుగదు. సరిగా ఆ క్షణముననే మీట నొక్కినచో కిరణము నిరాటంకముగా వెలువడెడిది. పూర్వపు నమూనాలోని యాంత్రిక రక్షణలను తొలగించుటచే ముప్పు ద్విగుణీకృతమయ్యెను.

దీనికి భిన్నముగా, 1983లో ప్రమాణీకృతమైన ఆడా భాషలో, పరిమితి విధించిన పూర్ణాంకము హద్దు దాటినచో సాధారణముగా తత్క్షణమే దోషము ప్రకటితమగును. సురక్షితమైన ప్రోగ్రాములకై ఏర్పడిన 1998 నాటి మిస్రా నియమములు సీ భాషకు కళ్లెము వేసినవి. అయినను, ఆడాలో వ్రాసిన ప్రోగ్రాముతోనే 1996లో ఏరియన్-5 రాకెట్టు నాశనమయ్యెను. వైద్యపరికరముల సాఫ్టువేరునకై 2006లో వెలువడిన ఐఈసీ 62304 ప్రమాణము ఏ భాషనూ నిర్దేశింపక, హానితీవ్రతను బట్టి సాఫ్టువేరును మూడు తరగతులుగా విభజించి, తదనుగుణమైన క్రమశిక్షణను విధించినది. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి వైద్యోపయోగ సాఫ్టువేరును సైతము వైద్యపరికరముగనే చట్టము పరిగణించుచున్నది.