ఎక్స్32 ఏబీఐ

ఎక్స్86-64 ప్రాసెసర్లపై లైనక్స్ ప్రోగ్రాములను 32 బిట్ల పాయింటర్లతో నడిపే బైనరీ ఒప్పందం. 64 బిట్లకు మారితే మెమరీ ఎక్కువ ఖర్చవుతుందంటారు. అందులో ప్రాసెసర్ వాటా ఎంత, ఒప్పందం వాటా ఎంత అన్నది ఎక్స్32లో విడిగా కనిపిస్తుంది.

మామూలు 64 బిట్ లైనక్స్‌లో పాయింటరు, సీ భాషలోని లాంగ్ 8 బైట్ల చొప్పున ఉంటాయి. అదే ప్రాసెసర్‌పై విండోస్‌లో లాంగ్ 4 బైట్లే. ఒక ఇంట్, రెండు పాయింటర్లు ఉన్న ట్రీ నోడ్‌కు 32 బిట్లలో 12 బైట్లు చాలు. 64 బిట్లలో పాయింటర్ 8 బైట్ల హద్దు మీద మొదలవ్వాలి కనుక ఇంట్ తర్వాత 4 బైట్లు ఖాళీగా పోయి, నోడ్ 24 బైట్లవుతుంది. 10 లక్షల నోడ్లకు 1.2 కోట్ల బైట్లు కాస్తా 2.4 కోట్లు, దాచిన సమాచారం మాత్రం అంతే. 64 బైట్ల క్యాష్ లైనులో 5 నోడ్లు పట్టే చోట రెండే పూర్తిగా పడతాయి. అంకెల అరేలు, చిత్రాలతో పనిచేసే ప్రోగ్రాములకు ఈ బెడద దాదాపు లేదు.

ఎక్స్32లో ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లోనే ఉంటుంది, 16 సాధారణ రిజిస్టర్లూ అందుతాయి. పాయింటర్, లాంగ్ మాత్రం 4 బైట్లకు దిగుతాయి. అందువల్ల ప్రోగ్రాముకు 4 జీబీకి మించి చిరునామాలు ఉండవు.

దీని పుట్టుకను కొందరు 2008లో డొనాల్డ్ నూత్ 64 బిట్ల పాయింటర్లపై రాసిన ఘాటైన విమర్శతో ముడిపెడతారు. అయితే హెచ్. పీటర్ యాన్విన్, హెచ్. జె. లూ చేస్తున్న పని బయటికి వచ్చిన 2011 ఆగస్టునే ఆరంభంగా తీసుకోవడం సబబు. 32 బిట్ల కాలమానం 2038లో పొంగిపోతుందని లైనస్ టోర్వాల్డ్స్ అభ్యంతరం చెప్పాక దాన్ని 64 బిట్లకు మార్చారు. 2012 మేలో విడుదలైన 3.4 కెర్నెల్‌లో ఎక్స్32 చేరింది. సిలికాన్ గ్రాఫిక్స్ మిప్స్ యంత్రాల్లోని ఎన్32 ఇదే ఆలోచనకు 1990ల నాటి రూపం.

పాయింటర్లను విరివిగా వాడే 181.ఎంసీఎఫ్ పరీక్షలో ఎక్స్86-64 కన్నా 40 శాతం దాకా వేగం పెరిగిందని రూపకర్తలు ప్రకటించారు. స్పెక్ పూర్ణాంక పరీక్షల సగటు మాత్రం 5–8 శాతమే. మామూలు ప్రోగ్రాములకు ఈ సగటే నమ్మదగిన కొలమానం. మెమరీ ఆదా కూడా వ్యవస్థ మొత్తం మీద చూస్తే తగ్గవచ్చు: రెండు రకాల ప్రోగ్రాములు కలిసి నడిస్తే ఒకే లైబ్రరీకి రెండు ప్రతులు మెమరీలోకి ఎక్కుతాయి.

వాడకం పలుచగా ఉందని 2018 డిసెంబరులో దీన్ని కెర్నెల్ నుంచి తీసేయాలన్న ప్రతిపాదన వచ్చినా, అప్పట్లో తొలగించలేదు. డెబియన్‌లో అనధికారిక పోర్టుగా ఉంది. ఇదే పొదుపును జావా హాట్‌స్పాట్ ఒప్పందం జోలికి పోకుండా సాధించింది: ఆబ్జెక్టులు 8 బైట్ల హద్దుల మీదే ఉంటాయి కనుక, 32 బిట్ల సూచికను 8తో హెచ్చించి 32 జీబీ హీప్ దాకా అందుకుంటుంది.