పరాయి మైదానంలో ఒకే ఒక్క గెలుపు

మన ఫుట్‌బాల్ చరిత్రలో పెద్ద విజయాలు చాలావరకు ఇంటికి దూరంగానే దక్కాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది బొంబాయిలో. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు అందుకున్నది గోవాలో. కృష్ణమ్మ కడలిలో కలిసే కొసన, దివిసీమలో ఉన్న నాగాయలంక నుంచి చూస్తే హైదరాబాద్‌లో జట్టు సొంత మైదానమైన గచ్చిబౌలి స్టేడియం కూడా దూరదేశమే. దివిసీమ అభిమానికి ప్రతి మ్యాచూ పరాయి గడ్డ మీదే.

అందుకే 2023–24 సీజన్‌ను నేను ఓటముల లెక్కతో మాత్రమే కొలవను. 22 మ్యాచ్‌ల్లో 16 ఓడి, 8 పాయింట్లతో హైదరాబాద్ ఎఫ్‌సీ అట్టడుగున నిలిచింది. గెలిచిన ఒక్కటీ 2024 మార్చిలో, చెన్నైలో, 1–0తో. ఇండియన్ సూపర్ లీగ్‌లో కింది డివిజన్‌కు దించే పద్ధతే అమల్లో లేదు కదా, పోయేదేముంది అనవచ్చు. గట్టి ప్రశ్నే. కానీ ఇంగ్లండ్‌లో కిందికి జారిన జట్టుకు మళ్లీ ఎక్కే మెట్లుంటాయి. ఇక్కడ జీతాల బకాయిల మధ్య విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కుర్రాళ్లే బరిలో మిగిలారు. అభిమాని భయం డివిజన్ గురించి కాదు, జట్టు ఉనికి గురించి. ఆ భయం ఉత్తదేమీ కాదు: 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.