నిషేధం నుంచి సమావేశం దాకా: మద్య విముక్తి బృందాల చరిత్ర

మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని ప్రారంభించింది. మరుసటి ఏడాది దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఆ విధంగా దేశంలోని తొలి నిషేధ ప్రయోగాల్లో ఒకదాన్ని చూశాయి. యుద్ధకాలంలో ఆగిపోయిన నిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఈ అంశం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దూబగుంట స్త్రీల పోరాటం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు మీకు తెలిసినవే.

ఈ చరిత్రలో చర్చంతా దుకాణం చుట్టూ తిరిగిందని గమనించండి. దుకాణం మూసినా, తెరిచినా, మానాలనుకుంటూ మానలేని మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న శాసనసభలో పెద్దగా వినిపించలేదు. ఆ ప్రశ్నకు జవాబు వేరే చోట, చట్టంతో నిమిత్తం లేకుండా రూపొందింది.

1840లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఆరుగురు తాగుబోతులు కలిసి వాషింగ్టోనియన్ సంఘాన్ని ప్రారంభించారు. తమ అనుభవాన్ని తామే చెప్పుకోవడం వారి పద్ధతి. కొద్ది ఏళ్లలోనే లక్షలమంది ప్రతిజ్ఞ చేశారు. అయితే నిషేధ రాజకీయాలు, ఇతర వివాదాలు లోపలికి రావడంతో పదేళ్లు తిరగకముందే సంఘం చెదిరిపోయింది. 1935లో ఏక్రన్ పట్టణంలో షేర్ల వ్యాపారి బిల్ విల్సన్, శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్ కలిశారు. తాగుడు మానడానికి మరో తాగుబోతుతో మాట్లాడటమే మార్గమని వారు కనుగొన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. మనదేశానికి అది 1957లో వచ్చింది. ఇక్కడ బృందం అంటే మన ఊళ్లలోని పొదుపు సంఘం కాదు. దీనికి రుణాలూ లేవు, రిజిస్టరులో సంతకాలూ లేవు.

తొలి ఏళ్లలో ఒక్కో బృందం ఒక్కో నియమం పెట్టుకుంది. వాటన్నింటినీ ఒకేసారి అమలు చేసి ఉంటే ఎవరికీ ప్రవేశం దొరికేది కాదు. ఈ గొడవల్లోంచి తయారైన ‘పన్నెండు సంప్రదాయాల’ను 1950లో ఆమోదించారు. వాటిని చరిత్ర పత్రాలుగానే కాక, సరైన సమావేశాన్ని గుర్తించే కొలబద్దగా కూడా చదవాలని నా అభిప్రాయం. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. కాబట్టి కులం, మతం, జీతం అడిగే చోటు సరైనది కాదు. ఖర్చులను సభ్యులే స్వచ్ఛందంగా భరిస్తారు. ప్రవేశ రుసుము అడిగితే అది మరేదో సంస్థ. ప్రతి బృందానికీ స్వతంత్రత ఉంది. అందుకే ఒక సమావేశం నచ్చకపోతే ఈ మార్గమే పనికిరాదని తేల్చేయవద్దు. నాలుగైదు సమావేశాలు చూశాక నిర్ణయించుకోవడం మేలు. కొన్ని అందరికీ తెరిచి ఉంటాయి, కొన్ని మానాలనుకునేవారికి మాత్రమే. ఫోన్ చేసినప్పుడే ఏ రకమో అడగండి.

దైవప్రస్తావన ఇబ్బంది అనిపించేవారూ ఉంటారు. సమావేశం చర్చి హాలులో జరిగినంత మాత్రాన అది మతసభ కాదు. పన్నెండు సోపానాలు దేవుణ్ణి ఎవరికి తోచినట్లు వారు అర్థం చేసుకోవచ్చంటాయి. అదీ కుదరనివారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ వంటి లౌకిక పద్ధతులున్నాయి.

ఇక మన ప్రాంతం సంగతి. పుంగనూరు వంటి ఊళ్లో ఒక ఉపాధ్యాయుడు సమావేశానికి వెళ్తే, గుమ్మం దగ్గరే తన విద్యార్థి తండ్రి ఎదురుపడవచ్చు. ఈ భయం చిన్నది కాదు. చాలామందిని ఇంట్లోనే ఆపేసేది ఇదే. పేరు బయటపెట్టకూడదన్న నియమం లోపల ఉన్నా, వీధికి ఆ నియమం తెలియదు. అటువంటివారు మొదట పక్క ఊరి సమావేశాన్నో, ఆన్‌లైన్ సమావేశాన్నో ఎంచుకోవడంలో తప్పులేదు. కానీ ప్రతివారం మూడు గంటల బస్సు ప్రయాణం ఎక్కువ కాలం సాగదు. భాష కూడా ముఖ్యమే. మూడు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. బెంగళూరు రైలెక్కడం సులభమే అయినా, మనసులో మాట ఏ భాషలో వస్తుందో ఆ భాష సమావేశాన్నే వెతకండి. జాతీయ ఉచిత సహాయవాణి 14446కు ఫోన్ చేసి దగ్గరి కేంద్రాల వివరాలు అడగవచ్చు.

ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛ, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. ముందు డాక్టరు, తరువాత సమావేశం. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో గాని, చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్‌లో గాని వైద్యం, బృందచర్చ కలిసే నడుస్తాయి.

దూబగుంట స్త్రీలు దుకాణం మీదికి వెళ్లారు. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ బృందాలను సంఘటితపరిచింది. ఇంట్లో తాగే మనిషి ఏ సమావేశానికీ రానన్నా, భార్య, తల్లి లేదా వయసొచ్చిన బిడ్డ ఒంటరిగా అల్-అనాన్‌కు వెళ్లవచ్చు. దానికి అతని ఒప్పుదల అవసరం లేదు.