పాతబస్తీలో కొత్త సామాను

మధ్యాహ్నం పన్నెండు కావస్తుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో మిగతా గదులు పలచబడతాయి. దంతపు బొమ్మల్నీ, కత్తుల్నీ, ముసుగు రెబెక్కా శిల్పాన్నీ వదిలేసి జనమంతా గడియారం ముందు చేరతారు. అందులో ఒక కమ్మరి సెకండ్లకు సరిగ్గా సుత్తి వేస్తుంటాడు. వేళకు గడ్డం మనిషి ఒకడు తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతాడు. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, అందుకే ఆ వేళకంత రద్దీ. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ నుంచి సాలార్‌జంగుల ఇంటికి చేరిన గడియారం అది. శాలిబండలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ని కనుక నా చూపు దాని లోపలి చక్రాల మీదికి పోవాలి. కానీ నేనెప్పుడూ దాని ఎదుట మెడలు సాచి నిలబడే జనాన్నే చూస్తుంటాను. పాతబస్తీలో ఒక వస్తువు నలుగురి ముందుకూ వస్తే తప్ప కొన్నట్టు కాదు. మా ఊరి యంత్రాల చరిత్రంతా ఆ అలవాటులోనే ఉందని నా నమ్మకం.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో నిజాం దివాన్ అయ్యాడు, రెండేళ్లకు ఆ పదవి వదిలేశాడు. 1949లో కన్నుమూసేదాకా ఆయన పని సేకరణే. పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. ఆ సామానంతా 1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా వాళ్ల నివాసం దివాన్ దేవ్డీలోనే మ్యూజియం అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. దేవ్డీ ఉన్నచోట ఇవాళ బట్టల దుకాణాలు. నవాబు కొన్నవి ఊరందరూ చూడడానికి రావడం పెద్ద మార్పే. అయితే ఊరికి ఆ రుచి అంతకుముందే తెలుసు. 1591 నాటి చార్మినార్‌కు 1889లో నాలుగు వైపులా గడియారాలు బిగించారు. 1892లో అప్పటి దివాన్ అస్మాన్ జా మహబూబ్ చౌక్‌లో గడియార స్తంభం కట్టించాడు. జేబులో గడియారం పెట్టుకునే తాహతు లేనివాడు కూడా తలెత్తి టైము చూడగలిగాడు. ఆ చౌక్ చుట్టూ గడియారాలు బాగుచేసేవాళ్లు, పాత సామాను అమ్మేవాళ్లు చేరారంటే వింతేముంది!

నాకు బాగా తెలిసింది మాత్రం రేడియో. నిజాం ప్రభుత్వం 1935లో దక్కన్ రేడియో మొదలుపెట్టినప్పుడు ప్రసారశక్తి 200 వాట్లు. అంటే ఇవాళ ఇంట్లో నాలుగు ఫ్యాన్లు తిరగడానికి కూడా చాలనంత కరెంటు. దాన్ని అందుకోవాలంటే మేడ మీద ఏరియల్ తీగ కట్టాలి, నేలలోకి ఎర్త్ దింపాలి. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. సెట్టు కొంటే సరిపోయేది కాదు, పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం తీసుకుని ఏటా ఫీజు కట్టాలి. అందుకని వీధికొకరి ఇంట్లో, ఇరానీ హోటల్లో గల్లా పక్కన సెట్టు ఉండేది. ఒక్క చాయ్ తాగి గంటసేపు కూర్చున్నా యజమాని ఏమీ అనేవాడు కాదు. సెట్టు తెచ్చిందే జనం కూర్చోవడానికి.

నాకు పని నేర్పిన ఉస్తాద్ దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు కొత్త సెట్టు తెచ్చినా వెనక అట్ట తీసి అందరికీ చూపించాకే మరమ్మతు. "ఖోల్ కే దిఖావ్" అనేవాడు. పక్క దుకాణాల మెకానిక్కులు, పోటీదారులే, వచ్చి తొంగిచూసేవాళ్లు. వాల్వులు వేడెక్కడానికి అరనిమిషం పట్టేది. ముందు మ్యాజిక్ ఐలో పచ్చటి వెలుగు విచ్చుకునేది, తర్వాత గొంతు వచ్చేది. ఈఎల్ 84 వాల్వు ఎక్కడుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత లావు, ఫిలిప్స్‌వాడు తీగలు ఎలా లాగాడు, మర్ఫీవాడు ఎలా లాగాడు, ఇదంతా ఆ అరనిమిషంలోనే చూసేవాళ్లం. మాలో చాలామందికి ఐటీఐ గడప తెలియదు. మా చదువంతా పక్కవాడు కొన్న సెట్టు వెనక జరిగింది. పనితనం దాచుకున్నవాడు ఎక్కువ సంపాదించి ఉండొచ్చు. కానీ చూపించినవాళ్ల వల్లే ఈ గల్లీల్లో అంతమంది మెకానిక్కులు తయారయ్యారు. ఈ మాట గట్టిగానే చెబుతాను.

టీవీ సంగతి అందరికీ తెలిసిందే. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది, మన ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ ముందు వీధి వీధంతా కూర్చుంది.

అసలు తుఫాను గల్ఫ్ నుంచి వచ్చింది. డెబ్బైల తర్వాత పాతబస్తీలో సౌదీకో, దుబాయ్‌కో, కువైట్‌కో మనిషి వెళ్లని గల్లీ లేదు. సెలవు మీద వచ్చినవాడి పెట్టె విప్పడం ఒక జల్సా. సెంటు సీసాలు ఆడవాళ్ల వైపు పోయేవి, నేషనల్ పానసోనిక్ టూ ఇన్ వన్ మాత్రం నడిమింట్లో చాప మీద కూర్చునేది. ఇరుగుపొరుగంతా చుట్టూ చేరాక రికార్డు మీట నొక్కి, పిల్లల చేత మాట్లాడించి, వెనక్కి తిప్పి వినిపించేవాళ్లు. తన గొంతు తానే మొదటిసారి విన్న ముసలమ్మ, "నేనిట్ల మాట్లాడతనా బిడ్డా?" అని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నది నేను చూశాను. ఆ యంత్రాలే తర్వాత ఉత్తరాలయ్యాయి. చదువు రాని తల్లి క్యాసెట్ నిండా మాట్లాడి, వెళ్తున్న మనిషి చేతికిచ్చి కొడుకుకు పంపేది.

ఆ సామానుతో మాకు కొత్త పాఠాలొచ్చాయి. సౌదీలో ఇళ్లకు అప్పట్లో ఎక్కువగా 127 వోల్టుల కరెంటు, ఇక్కడ 230. వెనకున్న స్విచ్చు మార్చకుండా ప్లగ్గు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మాడి వాసన వచ్చేది. పండుగ ముందు అలాంటివి బల్ల మీద వరసగా ఉండేవి. ఇంకో చిక్కు గడియారం ఉన్న రేడియోలది. అక్కడి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, ఇక్కడిది 50. కరెంటు ఊపును లెక్కపెట్టి నడిచే గడియారం కనుక ఇక్కడ గంటకు పది నిమిషాలు వెనకబడేది. చాలా సెట్లలో ఐసీకి 50, 60 మార్చుకోవడానికి ఒక కాలు విడిగా ఉంటుందని మాలో ఒకాయన ముందు కనిపెట్టాడు. చిన్న తీగ ముక్క టాంకా వేస్తే చాలు. ఆ రోజు సాయంత్రానికే ఆ సంగతి శాలిబండ నుంచి గౌలిగూడ దాకా పాకింది. చెప్పినందుకు ఆయన ఎవరి దగ్గరా చాయ్‌కి మించి తీసుకోలేదు.

ఇప్పుడు కొత్త ఫోను కావాలంటే ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, విడిభాగాలకు కోఠీలో గుజరాతీ గల్లీ. నాలాంటివాళ్లకు మాత్రం గురువారమే పండుగ. పురానాపూల్ అవతల జుమ్మేరాత్ బజార్‌లో గుడ్డలు పరిచి పాత సామాను పోస్తారు. వాక్‌మన్లు, డయల్ ఫోన్లు, హెచ్‌ఎంటీ గడియారాలు, పేరు తెలియని మీటర్లు. పొద్దున ఏరుకుని, మధ్యాహ్నం హోటల్ బల్ల మీద పరుచుకుంటాం. మొదటి ప్రశ్న "చల్తా క్యా?", పనిచేస్తుందా అని. రెండోది, లోపల ఏముంది అని. ఎంతకు కొన్నావన్నది అన్నిటికంటే చివర అడగాలి, ముందే అడిగినవాడిని ఎవరూ ఖాతరు చేయరు. ఇప్పటి ఫోన్లు జిగురుతో మూసేసి వస్తున్నాయి, అది నాకు నిజంగా బాధ. వెనక అట్టే లేని వస్తువు ఎవరికి ఏం నేర్పుతుంది? అయినా వేడి గాలి మిషనుతో ఆ జిగురూ విప్పే కుర్రాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరు మా బల్ల దగ్గరికి వస్తారు.

ఈమధ్య వాళ్లలో ఒకడికి అంకెల రేకులు టపటపా తిరిగే సౌదీ గడియారం రేడియో దొరికింది. అందులో ఐసీ లేదు, చిన్న మోటారు. మా తీగ ముక్క కిటుకు దానికి పనికిరాదు. వాడు వారం తిరిగేసరికి క్వార్ట్జ్ ముక్కతో 60 ఊపులు పుట్టించే చిన్న బోర్డు కట్టి తెచ్చాడు. చాయ్ తాగుతున్నంతసేపూ గోడ గడియారంతో సరిచూశాం, నిమిషం కూడా తప్పలేదు. "అన్నా, సర్క్యూట్ గీసిస్తవా?" అని పక్కాయన అడిగితే వాడు బిల్లు కాగితం వెనక గీశాడు. నేనూ ఒక నకలు తీసుకున్నాను. మా గల్లీలో అలాంటివి ఇంకా రెండు ఇళ్లలో అటక మీద ఉన్నాయి.