పట్టణమును విడిచిన పౌరులు

నాటి గుంటూరు మండలమున, సముద్రతీరమునకు చేరువగా, మగ్గముల మీద బ్రతుకు నేతగాండ్రకు నిలయమైన చీరాల, పేరాలలు యూనియనుగా నున్నంతకాలము సాలునకు నాలుగువేల రూపాయల పన్నుతో కాలము గడుపుచుండినవి. మహాయుద్ధము ముగిసి ధరలు మండిపోవుచున్న దినములలో ప్రభుత్వము వానిని పురపాలకసంఘముగా మార్పగా, పదునైదువేల జనము మీద పన్ను సుమారు నలుబదివేలకెక్కెను. ప్రజలు విన్నపములంపిరి, సభ్యులు రాజీనామాలిచ్చిరి, ప్రభుత్వము జీతము మీద ఒక అధ్యక్షుని నియమించి సంఘమును నడిపించెను.

ద్వంద్వప్రభుత్వపద్ధతిలో స్థానికస్వపరిపాలనము భారతీయ మంత్రుల వశమైన శాఖ. దానిని వహించిన పానగల్లు రాజా రామరాయణింగారు తెలుగువారే, ఎన్నికలలో నెగ్గిన జస్టిసు పార్టీవారే. చట్టము చూచిన వారి అధికారమునకు లోటేమియు లేదు. కాని ఆ పన్నువలన తన యింట ఒక పూట కూడు తగ్గిన నేతగానికి, మదరాసునుండి వచ్చు ఉత్తరువునందు తనవాడెవ్వడును కానరాలేదు.

ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చియు కాషాయమును రుద్రాక్షలను ధరించి, రామదండను సేవకదళమును కూర్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారికి పదవి యేదియు లేదు. 1921 ఏప్రిలులో చీరాలకు వచ్చిన గాంధీమహాత్ముడు, పన్ను నిరాకరించి శిక్షలకోర్చుటయో, శాంతముగా ఊరు విడుచుటయో రెండు మార్గములున్నవని చెప్పగా, గోపాలకృష్ణయ్యగారు రెండవదానిని చేపట్టిరి. మండువేసవిలో పదుమూడువేలకు పైబడిన జనము గడప దాటి, పురపాలకసంఘపు పొలిమేర కావల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, కులకులమునుండి ప్రతినిధులనెన్నుకొనిన సభతో, మధ్యవర్తుల న్యాయస్థానముతో తమ పాలనమును తామే సాగించుకొనిరి. పన్ను మానుట ఎవ్వనికైనను సులభమే. ఇల్లు మానుట అట్టిది కాదు. నాయకుడు తానును ఆ యెండకు నిలిచెను గనుకనే జనము కదలెనని నా నమ్మకము.

అదే యేట లండనులోని పేదపేటయైన పోప్లరున జార్జి లాన్స్‌బరీ మొదలగు ముప్పదిమంది సభ్యులు, పై సంస్థలకు చెల్లవలసిన పన్నును పేదలపై విధింపబోమని చెరసాలకేగిరి. అక్కడ సంఘమే ప్రజల పక్షము నిలిచెను. పేదల పోషణభారమును సంపన్నపేటలకును పంచు చట్టము ఆ యేడే వచ్చెను. చీరాలలో సంఘము ప్రజలది కాకపోయెను. ప్రజల సభకో, చట్టమిచ్చిన చేవ లేదు.

రామనగరమునకు చందాలే ఆదాయము. ఆ చందాలకు గోపాలకృష్ణయ్యగారి కంఠమే ఆధారము. నిధికై బరంపురమునకు పోయి, ఉపన్యాసనిషేధమును ధిక్కరించినందున ఆయనకు ఏడాది శిక్ష పడగా, వానలకు నానిన పాకలలో సభ మిగిలినను దానిని పోషించు చేయి లేకపోయెను. పదునొకండు మాసములు గడచిన పిదప జనము తిరిగి తమ యిండ్లకు చేరిరి. పురపాలకసంఘము రద్దు కాలేదు.